ముందే కూలిపోయిన పిండివంట

ముందే చెప్పేస్తున్నాను, తరవాత తగువులొద్దు. ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పిల్లిని చూసి పులి అననుగానీ, పిల్లి తోక గురించి మొదలెట్టానంటే అది మా వాకిట్లోంచి వీధి మలుపు దాకా సాగిపోతుంది. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి మిగతాది నమ్ముతుంది. మీరూ అదే పద్ధతి పాటించండి. ఒక్కచోట మాత్రం ఉన్నదాన్ని సాగదియ్యడం కాదు, లేనిదాన్ని పుట్టించాను. అదెక్కడో చివర్లో నేనే చెప్తాను.

పిన్నిగారు పోయారని పోయిన నెల పార్వతీపురం నించి ఫోనొచ్చింది. చేసింది ఆవిడ భర్తే. "ఒరే, మీ పిన్ని ఎలిపోనాదిరా. నిద్దట్లోనే. ఏ కంగారూ పడకండా" అన్నారు. ఆ ఆఖరి మాటకి నేను కుర్చీలో కూలబడ్డాను. పిన్నిగారు కంగారు పడకుండా ఒక పని చెయ్యడం అదే మొదటిసారి.

ఆవిడ పేరు నాకిప్పటికీ తెలీదు. క్యాంపులో అందరికీ పిన్నిగారే. ఆవిడకంటే పదేళ్ళు పెద్దదైన ఓవర్సీరుగారి తల్లికి కూడా పిన్నిగారే.

ఎనభైల మొదట్లో కొరాపుట్‌కీ రాయగడకీ మధ్య కొత్త రైలు లైను వేస్తున్న రోజులవి. కకిరిగుమ్మ దగ్గర కొండని తొలిచి సొరంగం తవ్వుతున్నారు. కొండవాలు మీద రేకుల క్వార్టర్లు, కింద లేబర్ లైన్లు, ఆ పైన మబ్బులు. మబ్బులు కిటికీలోంచి వచ్చి తలుపులోంచి వెళ్ళేవి, మధ్యలో నా చొక్కా తడిపేసేవి. నేను స్టోర్సులో గుమాస్తాని. బ్రహ్మచారిని. ఎప్పుడూ ఆకలిమీదే ఉండేవాణ్ణి. పిన్నిగారి భర్త బ్లాస్టింగు ఫోర్‌మన్. రాతిలో కన్నాలు వేయించి, వాటిలో మందు కూరించి, పేల్చడం ఆయన పని.

రోజూ సాయంత్రం షిఫ్టు మారేముందు పేల్చేవారు. సైరన్ కూసేది. మనుషులంతా బయటికొచ్చేసేవారు. తరవాత కన్నాలు ఒకదాని వెనక ఒకటి పేలేవి. సొరంగం బయట నిలబడి ఫోర్‌మన్‌గారూ ఆయన హెల్పరూ ఎన్ని పేలాయో లెక్కపెట్టేవారు. కూరినవన్నీ పేలాలి. ఒక్కటి పేలకుండా రాతిలో ఉండిపోయిందనుకోండి, తరవాతొచ్చిన కూలీల ముఠావాడు తెలీక దానిమీద గునపం వేశాడనుకోండి, ఇంక నేను సాగదియ్యక్కర్లేదు, అదే సాగదీస్తుంది. లెక్క సరిపోతే పొగ పోయేదాకా ఆగి, అందరికంటే ముందు ఫోర్‌మన్ ఒక్కరే దీపం పట్టుకుని లోపలికెళ్ళి చూడాలి. ఆయన వచ్చి సరే అన్నాకే ముఠా దిగాలి.

ఆ పొగ పోయే కాసేపట్లో ఆయన ఇంటికొచ్చి ఏదో ఒకటి నోట్లో వేసుకుని మళ్ళీ వెళ్ళేవారు. పిన్నిగారి బతుకంతా ఆ కాసేపటి చుట్టూ తిరిగేది.

ఎందుకంటే ఆవిడా లెక్కపెట్టేవారు. వంటింటి కిటికీ గట్టుమీద ఇత్తడి గ్లాసులో అంచుదాకా నీళ్ళు పోసి, దానికేసి చూస్తూ కూర్చునేవారు. కొండలో ఒకటి పేలితే గ్లాసులో నీళ్ళు ఒకసారి వణికేవి. వణికినప్పుడల్లా ఆవిడ వేలు మడిచేవారు. ఒకసారి నేను నవ్వితే, "సెవి మోసం సేద్ది బాబూ. నీల్లు సెయ్యవు" అన్నారు. ఆయన గుమ్మంలోకొచ్చి బూట్లు విప్పుతుంటే తలుపుకి అడ్డంగా నిలబడి "ఎన్ని?" అని అడిగేవారు. ఆయన అంకె చెప్పేవారు. అది ఆవిడ వేళ్ళతో సరిపోతేనే ఆయనకి దారి.

"కట్టుకున్న పెళ్ళానివా, చెక్‌పోస్టువా?" అనేవారాయన.

"ఎందుకేనా మంచిది" అనేవారావిడ.

ఆ మాట ఆవిడకి ఊపిరి. మంచి ఎండలో గొడుగు పట్టుకెళ్ళేవారు, ఎందుకేనా మంచిది. తలుపుకి రెండు గడియలు, కిటికీకి తాడు, మంచంకోళ్ళకి ఇటుకలు, ఎందుకేనా మంచిది. లమ్తపుట్ వైపు చిరుతపులి తిరుగుతోందని ఎవరో అంటే, అక్కణ్ణించి అది నడిచి రావాలంటే దానికే విసుగొచ్చి వెనక్కి పోయేంత దూరమని నేను చెప్పినా వినకుండా, పెరట్లో ఖాళీ డబ్బాలు వరసగా వేలాడదీశారు. గాలేస్తే ఆ డబ్బాల మోతకి క్యాంపు క్యాంపంతా లేచి కూర్చునేది. చిరుత మాత్రం హాయిగా పడుకునుంటుంది.

బ్లాస్టింగు వేళ ఆవిడ పోపు పెట్టేవారు కాదు. ఆవాలు చిటపటలాడితే లెక్క తప్పుతుందని భయం. అందుకని ఆ వేళకి చప్పుడు చెయ్యని వంటకం ఏదో ఒకటి కావాల్సొచ్చింది. నేను చెప్పబోయే తీపి ఈ కథలోకి వచ్చింది అలాగే.

పూర్వం ఏదో జ్వరంతో కొరాపుట్‌లో ఒక మిషన్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు అక్కడి నర్సు దొరసాని ఆవిడకి కేకు చెయ్యడం నేర్పించింది. పిన్నిగారు ఇసక పోసిన కిరసనాయిలు డబ్బాని బొగ్గుల కుంపటి మీద పెట్టి, మూత మీద నిప్పులు పోసి, కేకు చేసేవారు. అది పొంగేది, పాపం. సరిగ్గా పొంగే వేళకి కొండలో మందు పేలేది. గ్లాసులో నీళ్ళు ఒక వణుకు వణికేవి, డబ్బాలో కేకు ఒక మెట్టు దిగేది. ఆఖరి మందు పేలేసరికి అది దిబ్బరొట్టె కూడా సిగ్గుపడేంత గట్టిగా అయ్యేది. ఒకసారి ఆ కేకుతో మా ఆఫీసు తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపాం. సరే, ఆపలేదు. ఆపొచ్చు అనుకున్నాం.

ఆ కూలడం ఆవిడ చూడలేకపోయేవారు. కొండ మీద జరిగేదంతా ఆవిడకి ఆ కేకులో కనపడేది. తరవాత కొరాపుట్ వెళ్ళినప్పుడు నర్సు దొరసానికి ఇది చెప్పుకుంటే, ఆవిడ నవ్వి, అయితే క్రిస్పు చేసుకో, అది పొంగక్కర్లేదు, చెడిపోయేదేం లేదు, ఇంతకంటే సులువైనది లేదు అని చెప్పి పంపిందట. వాళ్ళ దేశంలో వానలు వెనకపట్టి చలి మొదలయ్యే రోజుల్లో, పళ్ళు ఎక్కువై ఏం చెయ్యాలో తోచనప్పుడు చేసుకుంటారట.

"కేకు కూలిపోద్ది బాబూ" అని పిన్నిగారు నాకు వివరించారు. "ఇది ముందే కూలిపోయుంది. మరింక భయం నేదు."

నిజానికి సులువే. పళ్ళు ముక్కలు కోసి గిన్నెలో పరవడం, పైన పిండీ బెల్లం నెయ్యీ పొడిపొడిగా నలిపి చల్లడం, పైపొర కరకరలాడేదాకా కాల్చడం. పసిపిల్లలైనా చేస్తారు. కానీ పిన్నిగారు చేస్తుంటే చూడాలి. దసరా వెళ్ళగానే సంతకి పోయి జామపళ్ళు కొనేవారు. కొండదిగి గంపలెత్తుకొచ్చిన ఆడవాళ్ళ ముందు కూర్చుని, ఒక్కో పండు వెలుగుకేసి పట్టి, "పోకో ఆచీ కి?" అని అడిగేవారు. పురుగుందా అని. "నాయ్ గో మా" అనేవారు వాళ్ళు. ఆ మాట నమ్మక రెండో పండు. రెండోది నమ్మక మూడోది. ఒక్కో పండూ పసిపిల్లాడి తలకాయంత ఉండేది. సరే, పిడికిలంత.

ఇంటికొచ్చాక గింజలన్నీ చెంచాతో తీసేసేవారు, పంటికింద పడి ఎవరి పన్నయినా విరుగుతుందని. పుల్లపుల్లగా ఉండాలని నాలుగు అనాస ముక్కలు వేసి, ఆ అనాసకి నాలుక కోసుకుంటుందేమోనని వాటిని ముందే ఉడకబెట్టేవారు. బెల్లంలో రాళ్ళుంటాయని కరిగించి వడకట్టి మళ్ళీ పాకం ముద్ద చేసేవారు. చోడిపిండి, అదే రాగిపిండి, వేయించి, అటుకులు నలిపి, శొంఠిపొడి వేసి, నేతిలో ఆ బెల్లం కలిపి, వేళ్ళతో పొడిపొడిగా చేసి సత్తుగిన్నెలో పళ్ళమీద చల్లేవారు. చల్లుతూ దానితో మాట్లాడేవారు. "కరకర్లాడవే తల్లీ. నువ్వొక్కదానివేనా సెప్పినమాట ఇను."

అది దింపాక ఎక్కువసేపు నిలవదు. కింద పళ్ళ తడి పైకెక్కి పొర మెత్తబడిపోతుంది. అందుకని ఆవిడ సైరన్ కూతకి డబ్బాలో పెట్టి, ఆయన బూట్ల చప్పుడుకి దింపేవారు. ఆయన కూర్చుని మొదటి చెంచా కొరికితే కర్రుమనేది. ఆ చప్పుడు విన్నాకే ఆవిడ గోడకి జారబడేవారు. తిన్నవాళ్ళెవరూ ఎన్నడూ బాగాలేదనలేదు. అయినా వడ్డించిన ప్రతిసారీ, "ఇయాల సరిగ్గా రానేదు బాబూ, ఏటీ అనుకోకు" అనేవారు. నేను మూడో గిన్నె తింటుంటే కూడా అనేవారు.

దీపావళి ఒకటొచ్చింది. పైవాళ్ళు తొందరపెడుతున్నారు, పండగ రోజూ పని ఆగలేదు. బ్లాస్టింగు అయ్యేదాకా క్యాంపులో ఎవరూ టపాసులు కాల్చకూడదని రూలు. కానీ రూలు క్యాంపుకే గానీ కింద ఊరికి లేదు. చీకటి పడకముందే సంత వీధి వైపు ఒకటీ అరా పేలుతున్నాయి.

నేను పిన్నిగారి వరండాలో కూర్చున్నాను. సైరన్ కూసింది, గిన్నె డబ్బాలోకెక్కింది, వాసన నా ముక్కుదాకా వచ్చింది. ఇంతలో కొండ లోపల మోతలు మొదలయ్యాయి. కింద ఊళ్ళోనూ మోతలే. నేను రెండూ కలిపి లెక్కపెట్టబోయి తల తిరిగి మానేశాను. పిన్నిగారు కిటికీ దగ్గర వేళ్ళు మడుస్తున్నారు.

ఫోర్‌మన్‌గారొచ్చి బూట్లు విప్పారు. "ఎన్ని?" అన్నారావిడ. ఆయన చెప్పారు. ఆవిడ తలుపులోంచి పక్కకి జరగలేదు.

"ఒకటి తక్కువ" అన్నారు.

"అన్నీ పేలేయే. నేనూ ఇన్నాను, హెల్పరూ ఇన్నాడు."

"ఊల్లో టపాకాయొకటి కలిపేసుంతారు. నీల్లు ఒకసారి తక్కువ వనికేయి."

"నీ గలాసుకి గవర్మెంటు జీతం ఇత్తందేటే?"

ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. మా నవ్వు తప్పుకాదు. వాననీటి చప్పుడుకి వరదనీ, కుక్క మొరుగుడుకి చిరుతనీ రోజూ తెచ్చిపెట్టే మనిషి. ఆవిడ మాట విని ఎవరైనా ఆగి ఉంటే ఆ లైను ఇవాళ్టికీ పూర్తయ్యుండేది కాదు.

కానీ నవ్వుతూనే నాకో చలి పుట్టింది. మందుకి నిప్పందించే ఫ్యూజు చుట్టలు స్టోర్సులోంచి ఇచ్చేది నేనే. ఆ ఏడాది వానలు స్టోర్సు పైకప్పు మీద కాదు, తిన్నగా లోపలే కురిశాయి. ఒక ముక్క చెమ్మగిల్లి ఉంటే? ఆరిపోయి ఉంటే? నేను నవ్వడం ఆపేసి గ్లాసుకేసి చూశాను. అందులో నీళ్ళు చలనం లేకుండా ఉన్నాయి, నాకేమీ చెప్పలేదు.

ఆవిడ గిన్నెలోంచి తీసి గుమ్మంలోంచే అందిస్తే ఆయన నిలబడే రెండు చెంచాలు తిని బూట్లకోసం చూసుకున్నారు. బూట్లు కనపడలేదు. పిన్నిగారు గుమ్మంలో చతికిలబడి ఉన్నారు. చీర కుచ్చెళ్ళకింద రెండు రబ్బరు బూట్ల మూతులు బయటికి చూస్తున్నాయి.

"లెగే."

"లెగను."

"బయట ముఠా సూస్తన్నారే. పరువు తీసెయ్యకు."

"పరువు పోతే మల్లీ వస్తాది."

నలుగురి ముందు పెళ్ళాన్ని రెక్కపట్టి లాగే మనిషి కాదాయన. ఉత్త కాళ్ళతో సొరంగంలోకి వెళ్ళడానికి లేదు, లోపల రాళ్ళు కత్తుల్లా ఉంటాయి. ముఠా మేస్త్రీ వాకిట్లోకొచ్చి, "పొగ పోనాది బాబూ. మరి దిగుదుమా?" అని అడిగాడు. ఫోర్‌మన్‌గారు భార్యకేసి ఒకసారి, బూట్ల మూతులకేసి ఒకసారి చూశారు. మా ఆవిడ బూట్లమీద కూర్చుందని ఏ ఫోర్‌మన్ చెప్తాడు? గొంతు సవరించుకుని, ఎంతో అధికారంగా, "లెక్క తేడాగా ఉంది. ఎవులూ దిగొద్దు. బాగా ఆగాల" అన్నారు.

లెక్క తేడా అంటే మామూలు ఆగడం కాదు. మిగిలినదేదైనా ఉంటే ఆలస్యంగా పేలొచ్చు, అది పేలితే పేలనీ అని చాలాసేపు ఎవరూ దగ్గరికి పోకుండా ఉండాలి. వార్త ఓవర్సీరుకి వెళ్ళింది. ఆయన కిందనించి కబురు పంపాడు, ఏమైందని. ఫోర్‌మన్‌గారు మళ్ళీ అదే మాట చెప్పి పంపారు. ముఠావాళ్ళు బీడీలు కాలుస్తూ గొణుక్కున్నారు, పండగపూట తొందరగా పోదామంటే ఇదేం ఖర్మ అని. ఆయన వరండా మెట్టుమీద కూర్చున్నారు. ఆవిడ గుమ్మంలో కూర్చున్నారు. నేను మధ్యలో స్తంభంలా నిలబడ్డాను. గిన్నెలో పైపొర మెత్తబడిపోతోంది, ఆవిడ అటు చూడనైనా చూడలేదు. కింద ఊళ్ళో ఏ టపాకాయ పేలినా మేం ముగ్గురం కొండకేసి చూసేవాళ్ళం. ఆ ఎదురుచూపులో కొండమీద చెట్లు ఎదిగి, పూసి, కాసి, రాలిపోయినట్టు నాకు గుర్తు. మీరు సగం తీసెయ్యండి.

చివరికి ఆవిడే లేచారు. బూట్లు దులిపి ఆయన ముందు పెట్టారు. "ఎల్లండి. గబగబా నడవకండి. దీపం కిందకి పట్టి ప్రెతి కన్నం సూడండి" అన్నారు. ఆయన తొడుక్కుని వెళ్ళారు. ఆయన దీపం సొరంగం నోట్లోకి వెళ్ళి చిన్నదై, మలుపులో ఆరిపోయినట్టైంది. పిన్నిగారు గోడమీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు, డాక్టరు రోగి వీపుమీద ఆనించినట్టు.

ఆయన తిరిగొచ్చారు. చేతిలో నల్లగా తడిసిన ఫ్యూజు ముక్క ఉంది. కిందివరసలో ఒక కన్నంలో మందు అలాగే కదలకుండా ఉందిట. నీళ్ళు కొట్టించి తీయించి వచ్చారట. ఆ ముక్కని గిన్నె పక్కన పెట్టి, మెత్తబడ్డ ఆ తీపి గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నారు.

మొన్న పెద్దకర్మకి పార్వతీపురం వెళ్ళినప్పుడు, భోజనాలయ్యాక చాపలమీద కూర్చున్న చుట్టాలకి ఈ సంగతి ఇలాగే చెప్పాను. అంతవరకూ పిన్నిగారి గొడుగులూ డబ్బాలూ తలుచుకుని నవ్వుతున్నవాళ్ళు, ఫ్యూజు ముక్క దగ్గరికొచ్చేసరికి నవ్వడం ఆపేశారు. ఒక మేనకోడలు కళ్ళు తుడుచుకుంది. ఫోర్‌మన్‌గారు గోడకి ఆనుకుని వింటున్నారు.

నన్ను బస్సెక్కించడానికి తోడొచ్చారు. దారిలో అడిగారు.

"ఒరే, ఆ ఫ్యూజు ముక్కేటిరా?"

"లేదు బాబాయిగారూ. మీకు తెలుసు కదా."

"మరెందుకు సెప్పేవు?"

"ఊరికే భయపడే మనిషని అందరూ నవ్వుతున్నారు. నాకు బాగా అనిపించలేదు."

ఆయన కొంచెం దూరం నడిచారు. వయసు మీదపడింది, ఆగి ఆగి నడుస్తున్నారు.

"నవ్వనీరా. నవ్వితే నవ్వేరు. నువ్వు సెప్పినట్టు అక్కడ నిజంగా ఒకటి ఉండిపోయిందంటే, దాని పక్కకి నేను దీపమట్టుకుని ఎల్లేనంటే, మీ పిన్ని ఎక్కడున్నా దానికి ఇంక నిద్దరట్టదు. తీసెయ్యి ఆ ముక్క."

తీసేస్తున్నాను. నేను పుట్టించింది ఆ ముక్కా, దాని పక్కన ఖాళీ అయిన గిన్నే, అంతే.

ఆ సాయంత్రం ఆయన ఖాళీ చేతుల్తో తిరిగొచ్చారు. "అన్నీ పేలేయే" అన్నారు. వాకిట్లో ముఠావాళ్ళు పెద్దగా నవ్వారు.

పిన్నిగారు నవ్వలేదు. "ప్రెతి కన్నం సూసేరా?" అన్నారు.

"సూసేను."

"కింద వరసా?"

"కింద వరసా, పై వరసా. నీదే తప్పు."

"నాదే తప్పా?" అని ఇంకోసారి అడిగి, ఆయన తలూపాక లోపలికెళ్ళారు. చల్లారి, నానిపోయి, కరకరన్న మాటే మిగలని ఆ గిన్నె పట్టుకొచ్చారు. నేను ఎదురు చూసిన మాట, సరిగ్గా రానేదు ఏటీ అనుకోకు అన్నది, ఆ రోజు ఆవిడ నోట రాలేదు. మేస్త్రీతో మొదలుపెట్టి, చివర నిలబడ్డ గునపాలవాడి దాకా, ఒక్కొక్కరి దోసిట్లో చెంచాతో పెడుతూ, సంబంధం కుదిరిన ఇంట్లో మిఠాయి పంచుతున్నట్టు మొహం నిండా నవ్వుతూ, ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పారు.

"తినండి బాబూ. నాదే తప్పంట."